లైసెన్సు ముందా, వీసా ముందా: అమెరికాలో విదేశీ వైద్య సిబ్బంది

అమెరికాలో వైద్యులకు, నర్సులకు లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్రాల బోర్డులది కాగా, దేశంలోకి అనుమతించే అధికారం ఫెడరల్ ప్రభుత్వానిది. 1996 నాటి వలస చట్టంలోని 343వ సెక్షన్ ప్రకారం, వైద్యులను మినహాయిస్తే నర్సులు, ఫిజికల్ థెరపిస్టులు వంటి విదేశీ సిబ్బంది తమ చదువును, లైసెన్సును, ఆంగ్ల పరిజ్ఞానాన్ని సరిచూసినట్టు తెలిపే ధ్రువపత్రం చూపితేనే ఉద్యోగ వీసాకు అర్హులవుతారు. విదేశీ వైద్య సిబ్బంది అర్హతలను పరిశీలించే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ సంస్థ (ప్రస్తుత పేరు ట్రూమెరిట్) జారీచేసే, అయిదేళ్లు చెల్లే ‘వీసాస్క్రీన్’ అటువంటిదే.

అసలు చిక్కుముడి హెచ్-1బి, అంటే నిపుణులకిచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా దగ్గర పడుతుంది. సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేనిదే కొన్ని బోర్డులు లైసెన్సు ఇవ్వవు, పని చేసే అనుమతి లేనిదే ఆ సంఖ్య రాదు, లైసెన్సు చూపనిదే ఆ అనుమతి దొరకదు. ఈ విచిత్రాన్ని ప్రభుత్వమే గుర్తించి, మిగిలిన అర్హతలన్నీ ఉండి ఇటువంటి కారణం ఒక్కటే అడ్డంకిగా నిలిచినప్పుడు ఏడాది వరకు హెచ్-1బి హోదా మంజూరు చేసే నిబంధనను 2017 జనవరి నుంచి అమలు చేసింది. కాలిఫోర్నియా 2014లోనే చట్టం చేసి, ఆ సంఖ్యకు బదులు పన్ను చెల్లింపుదారు గుర్తింపు సంఖ్యను అంగీకరించింది.

తెలుగు రాష్ట్రాల నుంచి జె-1, అంటే మార్పిడి సందర్శకులకిచ్చే వీసాపై రెసిడెన్సీ శిక్షణకు వెళ్లే వైద్యులకు ఎదురయ్యేది వేరొక నియమం: శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. 1994లో మొదలైన కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రం ఏటా 30 మందికి మినహాయింపు సిఫారసు చేయవచ్చు. అయితే రాష్ట్రమంతటా చెల్లే లైసెన్సు చేతిలో ఉన్నా, ఆ వైద్యులు సాధారణంగా మూడేళ్లు వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో, ఒప్పందం కుదిరిన ఆసుపత్రిలోనే పని చేయవలసి ఉంటుంది.