కర్మాగారమునకు బాట, పెరటికి కంచె
(పంచాయతీ సభ్యులకు అధ్యయన పాఠము)

2020 మార్చి చివరి వారములో మన పల్లెల పొలిమేరలలో కనిపించిన దృశ్యమును సభ్యులు మరచియుండరు. బాటకు అడ్డముగా తుమ్మకంప. కంపకు వ్రేలాడు అట్టముక్కపై 'బయటివారు రాకూడదు' అను హెచ్చరిక. ఆ నెల 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా పేర్కొన్నది. 25వ తేదీ నుండి దేశమంతటను లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. ఊరిని కాపాడుకొనవలెనను సదుద్దేశముతోనే గ్రామస్థులు కంప వేసిరి. ఐనను, ఆ కంపకు ఆవల సైకిలు పట్టుకొని నిలిచిన మనిషి కొన్ని చోట్ల ఆ ఊరివాడే. రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరవచ్చిన కార్మికుడు.

ఆ దినములలో మేము మైకుతో తిరిగిన ఒక గ్రామములో ఒక ఇల్లాలు మమ్ములను నిలువరించి యిట్లడిగినది: "ఇల్లు కదలవద్దని చెప్పుచున్నారు. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో పనిచేయును. ఆ మందులు ఊరికి కావలెను గాని, ఆయన మాత్రము ఊరికి వద్దా?" మావద్ద సమాధానము లేకపోయినది. కదలకుండ ఉండగలవారికి చెప్పవలసినది మేము చెప్పితిమి. కదలక తప్పనివారి సంగతి మరచితిమి. మా ప్రచారములోని ఆ లోపమును దిద్దుకొనుటయే ఈ పాఠమునకు కారణము.

పని ఏల ఆగలేదు?

మహమ్మారి కాలములో కొన్ని పనులు ఆగిన, వ్యాధికన్న ముందు కొరత మనుష్యులను బాధించును. హైదరాబాదు చుట్టుపట్ల గల కర్మాగారములు జ్వరమునకు వాడు మాత్రలు మొదలుకొని టీకాల వరకు అనేక ఔషధములను తయారు చేయుచున్నవి. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాకు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి లభించినది. ఆ నెల 16 నుండి దేశములో టీకాలు వేయుట ఆరంభమైనది. అట్టి కర్మాగారములలో పనిచేయువారు అనేకులు సమీప గ్రామములలోనే కాపురముందురు.

కావుననే ఔషధ కర్మాగారములకు లాక్‌డౌన్ నుండి మినహాయింపు ఇయ్యబడినది. అంతేగాక 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోం మంత్రిత్వశాఖ ఇచ్చిన ఉత్తరువుల ప్రకారము, పురపాలక సంఘముల పరిధికి వెలుపల, గ్రామ ప్రాంతములలోనున్న పరిశ్రమలు ఏప్రిల్ 20 నుండి షరతులతో పనిచేయుటకు వీలు కలిగినది. చట్టము తెరచిన బాటను ఊరు కంపతో మూయరాదు.

పనిచోట జాగ్రత్తలు

ఆ ఉత్తరువులలోని ముఖ్యమైన షరతులు ఇవి: గేటువద్ద ప్రతివారి శరీర ఉష్ణోగ్రత పరీక్షింపవలెను. కార్మికులను తెచ్చు వాహనములలో 30 నుండి 40 శాతము మందినే ఎక్కింపవలెను. ఒక షిఫ్టు ముగిసిన తరువాత గంట వ్యవధి యిచ్చి మరియొక షిఫ్టు ఆరంభింపవలెను. అందరికిని ఒకే వేళ భోజన విరామము ఈయరాదు.

వీని వెనుకనున్న కారణమును సభ్యులు గ్రహింపవలెను. ఈ వ్యాధి ప్రధానముగా రోగి శ్వాసతో, దగ్గుతో, మాటతో వెలువడు తుంపరల మూలమునను, గాలి ఆడని గదులలో నిలిచియుండు సూక్ష్మకణముల మూలమునను వ్యాపించును. మందులు తయారుచేయుచోట మూతికి గుడ్డ, చేతికి తొడుగు ఎప్పుడును ఉండునవే. అపాయము అధికముగా పొంచియుండునది కిక్కిరిసిన బస్సులోను, మూతిగుడ్డ తీసి కూర్చుండు భోజనశాలలోను. కావున బస్సు కిటికీలు తెరచియుంచుట, భోజనము వంతులవారీగా, వీలైనచో ఆరుబయట చేయుట మిక్కిలి ప్రయోజనకరములు. జ్వరము వచ్చినవానిని పనికి రప్పింపకుండుట అన్నిటికన్న ముఖ్యము. కూలి పోవునను భయమున్న యెడల కార్మికుడు జ్వరమును దాచును. దాచిన జ్వరము పదిమందికి పాకును. రోగమునాటి కూలి విషయమై యాజమాన్యముతో మాటలాడుటకు పంచాయతీ వెనుదీయరాదు.

పెరటి తోట

ఇల్లు కదలరాని రోజులలో కుటుంబమునకు బియ్యము, పప్పు కొంత నిలువయుండవచ్చును గాని కూరాకు నిలువయుండదు. 2020లో ఆర్.టి.సి. బస్సులు తెలంగాణలో మే 19 వరకు, ఆంధ్రప్రదేశ్‌లో మే 21 వరకు తిరుగలేదు. సంతలు మూతపడినవి. అప్పుడు పెరటిలో నాలుగు మళ్ళున్న ఇల్లు నిబ్బరముగా నిలిచినది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము పెద్దవారు దినమునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు భుజించుట మంచిది. ఒక సెంటు స్థలము, అనగా సుమారు 40 చదరపు మీటర్లు, ఆ అవసరమునంతయు తీర్పలేకపోయినను, ఆకుకూరలకు లోటు రానీయదు.

ఎండ బాగుగా పడుచోటును ఎన్నుకొని, ఇరుప్రక్కలనుండి చేయి అందునట్లు మీటరు వెడల్పున మళ్ళు కట్టవలెను. బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను. తోటకూర విత్తనము మిక్కిలి సన్నము గనుక ఇసుకతో కలిపి చల్లవలెను. తోటకూర, మెంతికూర సుమారు నెలరోజులకు కోతకు వచ్చును. బెండ నెలన్నరకు కాపునకు వచ్చును. విత్తనమంతయు ఒకేసారి చల్లక, పదునైదు దినముల కొకసారి ఒక్కొక్క మడిలో చల్లిన యెడల ఏ వారమును కూర లేకుండ పోదు. దడి వెంబడి బచ్చలి, దొండ ప్రాకింపవచ్చును. మూలలయందు మునగ, కరివేప, బొప్పాయి నాటవలెను. స్నానపు నీటిని కాలువ తీసి అరటి పాదునకు మళ్ళింపవచ్చును. ఆకుకూరలకు మంచినీరే పోయవలెను. పురుగు పట్టినచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రియంతయు నానబెట్టి, వడకట్టి, ఉదయమున చల్లవలెను.

షిఫ్టు పనివాని ఇంట తోటపని ఒక్కరిపై పడరాదు. పగటి షిఫ్టు వారమున సాయంకాలమును, రాత్రి షిఫ్టు వారమున నిద్ర లేచిన తరువాతను అతడు నీరు పోయవచ్చును. పిల్లలు కలుపు తీయవచ్చును. ఒక్క మాట మాత్రము స్పష్టముగా చెప్పవలసియున్నది. ఆకుకూర ఆహారమే గాని కోవిడ్‌కు మందు కాదు. మునగాకు తినుచున్నాము గదా యని టీకాను, వైద్యుని మానరాదు.

పంచాయతీ ఏమి చేయవలెను?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని తెలిపినది. 1918 నాటి విషజ్వరము మన దేశములో కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది. నూరేండ్లకు కోవిడ్ వచ్చినది. మరల ఏదియు రాదని ఎవ్వరును చెప్పజాలరు. కావున తీరిక కాలముననే ఈ పనులు చేసికొనవలెను:

1. షిఫ్టు పనికి పోవువారి పట్టిక వార్డువారీగా సిద్ధపరచుట. ఆపత్కాలమున వారి రాకపోకలకు ఒక బాటను ఏర్పరచి, అచ్చట సబ్బు, నీరు ఉంచుట.

2. ఇరుకు ఇండ్లలోని రోగులు వేరుగా ఉండుటకు గాలి వెలుతురు గల భవనమును ముందే గుర్తించుట.

3. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమునందును నర్సరీ ఉండవలెనని చెప్పుచున్నది. నీడ మొక్కలతోపాటు మునగ, కరివేప, బొప్పాయి నారును అందు పెంచి ఇంటింటికి పంచుట.

4. పెరడు లేని ఇండ్లవారికి పాఠశాల వద్దనో, నీటి ట్యాంకు వద్దనో ఉమ్మడి మళ్ళు కేటాయించుట.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు: మన గ్రామమునుండి షిఫ్టు పనికి పోవువారు ఎందరు? వారిలో ఒకరికి జ్వరము వచ్చినచో రెండు వారములు వారి ఇంటికి నీరు, సరకులు చేర్చువారెవరు? పెరడు లేని ఇండ్లు ఎన్ని?

మేము మొదట చెప్పిన గ్రామమునకు ఆ యేడు వానకాలమున మరల పోయితిమి. బాటమీది కంపను తీసివేసియుండిరి. అందు కొంత ఆ ఇల్లాలి పెరటికి దడియైనది. దానిపై బచ్చలి తీగ అల్లుకొనియున్నది. ఊరిని కాపాడుటకు కంప కావలసినదే. దానిని వేయవలసిన చోటును నిర్ణయించుట పంచాయతీ బాధ్యత.