పరిశోధన వ్యాసాలకు తాళాలెందుకు?

మీ సైన్సు పుస్తకంలో చదివే చాలా సంగతులు మొదట పరిశోధన వ్యాసాలుగా అచ్చయినవే. శాస్త్రజ్ఞుడు ప్రయోగం చేసి, ఫలితాలు రాసి, ఒక పరిశోధన పత్రికకు పంపుతాడు. పత్రికవారు దానిని అదే రంగంలోని నిపుణులకు చూపిస్తారు. వారు సరేనంటే ప్రచురిస్తారు.

ఇక్కడొక చిత్రం ఉంది. వ్యాసం రాసినందుకు శాస్త్రజ్ఞుడికి పత్రిక డబ్బివ్వదు. పరిశీలించిన నిపుణులకూ సాధారణంగా ఏమీ ముట్టదు. ప్రయోగశాల ఖర్చు చాలాసార్లు ప్రభుత్వానిది, అంటే ప్రజలది. తీరా అచ్చయిన వ్యాసం చదవాలంటే మాత్రం ప్రచురణ సంస్థకు డబ్బు కట్టాలి! ఆ చందాలు ఎక్కువగా కట్టేవి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు. కట్టలేని చోట తలుపు మూసే ఉంటుంది.

మూసి ఉంటే నష్టమేమిటంటారా? పశ్చిమ ఆఫ్రికాలో లైబీరియా అనే చిన్న దేశం ఉంది. 2014లో అక్కడికి ఎబోలా వ్యాధి పాకింది. అది అణిగేలోగా ఆ ఒక్క దేశంలోనే 4,800 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రాంతానికి ఈ జబ్బు కొత్తదని అంతా అనుకున్నారు. కాని 2015లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారి బెర్నీస్ డాన్, మరో ఇద్దరితో కలిసి ఒక సంగతి బయటపెట్టారు. ఐరోపా శాస్త్రజ్ఞులు లైబీరియా ప్రజల రక్తాన్ని పరీక్షించి, ఎబోలా ఉండే ప్రాంతాలలో ఈ దేశాన్ని కూడా చేర్చాలని 1982లోనే రాశారట! అలాంటి వ్యాసం ఒక్కటి కొనాలంటే 45 డాలర్లు. అక్కడి డాక్టరుకు అది సుమారు సగం వారం జీతం. ధర ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. ఆ వ్యాసాలు రాసినవారిలో లైబీరియా శాస్త్రజ్ఞులు ఒక్కరూ లేరని కూడా డాన్ బృందం రాసింది. అయినా, హెచ్చరిక అచ్చులో ఉండి కూడా అందవలసినవారికి అందలేదు గదా!

ధనిక దేశాలకూ ఈ బాధ తప్పలేదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రపంచంలో బాగా డబ్బున్న విశ్వవిద్యాలయాలలో ఒకటి. కొన్ని పెద్ద ప్రచురణ సంస్థలకు ఏటా 37 లక్షల 50 వేల డాలర్లు కట్టవలసి వస్తోందనీ, ఇక భరించలేమనీ అక్కడి గ్రంథాలయ సలహా మండలి 2012లో ప్రకటించింది. కొన్ని పత్రికల చందా ఒక్కొక్కటే ఏడాదికి 40,000 డాలర్లు!

మరి గ్రంథాలయాలు ఏం చేశాయి? చందాలు కట్టడంతో ఊరుకోక, తమ విశ్వవిద్యాలయంలో పుట్టిన వ్యాసాలను తామే అందరి ముందూ పెట్టడం మొదలుపెట్టాయి. ఎవరైనా, ఎక్కడి నుంచైనా, పైసా కట్టకుండా చదువుకునే ఈ పద్ధతిని ఓపెన్ యాక్సెస్ అంటారు. మన దేశంలో ఇలాంటి మొదటి భాండాగారం బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2002లో వెలసింది. దాని పేరు ఈప్రింట్స్.

ఇది దొంగ నకలు కాదా అని మీకు సందేహం రావచ్చు. కాదు. పత్రికలో అందంగా పేజీలు కూర్చి అచ్చువేసిన ప్రతి ఒకటి, నిపుణుల సూచనల ప్రకారం శాస్త్రజ్ఞుడు సరిదిద్ది ఇచ్చిన ఆఖరు రాతప్రతి మరొకటి. రెండింటిలోని విషయం ఒకటే. ఈ రాతప్రతిని భాండాగారంలో ఉంచుకోవడానికి చాలా ప్రచురణ సంస్థలు ఒప్పుకుంటాయి. కొన్ని వెంటనే ఒప్పుకుంటాయి, కొన్ని ఆరు నెలలో ఏడాదో ఆగమంటాయి. ఏ పత్రిక షరతు ఏమిటో ఓపికగా చూసేది లైబ్రేరియనే. హార్వర్డ్ అధ్యాపకులు 2008లో ఇంకో అడుగు వేశారు. తమ వ్యాసాల ప్రతులను ఇలా అందరికీ అందించే హక్కును ముందుగానే విశ్వవిద్యాలయానికి ఇస్తూ తీర్మానం చేశారు.

ప్రతిని కంప్యూటరులో పెట్టినంత మాత్రాన పని అయిపోదు. గ్రంథాలయంలో పుస్తకానికి కార్డు రాసినట్టే ప్రతి వ్యాసానికీ రచయిత, శీర్షిక, సంవత్సరం, విషయం రాస్తారు. ప్రపంచమంతటా భాండాగారాలు ఈ వివరాలను ఒకే రకమైన పద్ధతిలో రాస్తాయి. అందువల్ల బెంగుళూరులో పెట్టిన వ్యాసం బ్రెజిల్‌లో వెతికేవారికీ దొరుకుతుంది. కార్డు తప్పు రాస్తే? వ్యాసం ఉండీ లేనట్టే.

భౌతికశాస్త్రజ్ఞుడు పాల్ గిన్స్‌పార్గ్ 1991లో ప్రారంభించిన ఆర్కైవ్ దీనికన్నా పాతది. అది 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చేరింది. చాలా ఏళ్లు అక్కడి గ్రంథాలయమే నడిపింది. వందేళ్లుగా తెగని పాయింకరే సమస్యకు గ్రిగోరీ పెరెల్మాన్ 2002, 2003లలో ఇచ్చిన పరిష్కారం ఏ పత్రికలోనూ కాదు, అక్కడే కనిపించింది. అయితే ఒక జాగ్రత్త. ఆర్కైవ్‌లోకి వచ్చే వ్యాసాలను నిపుణులు ముందుగా లోతుగా పరిశీలించరు. అక్కడ ఉన్నది గనుక నిజమే అనుకోకూడదు.

కొన్ని పత్రికలు పాఠకుడి దగ్గర డబ్బు తీసుకోవు, వ్యాసం రాసినవారి దగ్గర తీసుకుంటాయి. నేచర్ పత్రిక 2021లో ఇందుకు పెట్టిన రుసుము 9,500 యూరోలు, అంటే 8 లక్షల రూపాయల పైమాటే! చదివేవాడి తలుపుకున్న తాళం తీసి రాసేవాడి తలుపుకు వేసినట్టుంది ఇది. మన ప్రభుత్వం 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ కలిపి చందా కడుతోంది. మేలే, కాని ఆ సంస్థల బయట ఉన్నవారికి తలుపు ఇంకా మూసే ఉంది.

మీకు ఈ రోజే తెరిచి ఉన్న తలుపొకటి చెబుతాను. పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసాలు ఒకప్పుడు రెండు మూడు ప్రతులుగా యూనివర్సిటీ బీరువాల్లోనే ఉండిపోయేవి. వాటి కంప్యూటరు ప్రతిని కూడా ఇవ్వాలని 2009లో నియమం వచ్చింది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఇలాంటి వ్యాసాలను లక్షల సంఖ్యలో శోధ్‌గంగ అనే భాండాగారంలో ఉంచింది. మన విశ్వవిద్యాలయాలవీ, తెలుగులో రాసినవీ ఉన్నాయి. మీ జిల్లా పేరుతో వెతికి చూడండి.

ఈప్రింట్స్ వంటి చోట్ల కొన్ని వ్యాసాలకు గడువు తీరక తాళం కనిపిస్తుంది. పక్కనే ప్రతి కావాలని అడిగే మీట ఉంటుంది. పూర్వం పరిశోధకులు "మీ వ్యాసం ప్రతి ఒకటి పంపగలరు" అని దూరదేశాల శాస్త్రజ్ఞులకు పోస్టుకార్డు రాసేవారు. అచ్చయిన ప్రతులు కొన్ని దగ్గర ఉంచుకుని వారు టపాలో పంపేవారు. మీట నొక్కితే వెళ్లేదీ ఆ కార్డే. చదివి, సరేనని పంపవలసింది వ్యాసం రాసిన శాస్త్రజ్ఞుడే.