లెక్క వచ్చినా ప్రశ్న అందని చోట: పిల్లల గణిత సాఫ్ట్‌వేరు

కన్నడ మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు గణిత పరిభాష పెద్ద అడ్డంకి కాదు. సంకలన, వ్యవకలన, గుణాకార, భాగాకార అనే కన్నడ పదాలు తెలుగు సంకలనం, వ్యవకలనం, గుణకారం, భాగహారాలకు తోబుట్టువులే. చిక్కంతా చిన్న మాటల దగ్గర వస్తుంది. ‘కడిమె’ అంటే తక్కువ అనీ, ‘ఉళిద’ అంటే మిగిలిన అనీ తెలియని విద్యార్థికి లెక్క చేయడం వచ్చినా ప్రశ్న అందదు. బసవకళ్యాణ్‌లోని తెలుగు తల్లిదండ్రులు పిల్లల చేతికి గణిత యాప్ ఇచ్చే ముందు గమనించవలసిన విషయమిది.

ఒక దుకాణంలో 60 కొబ్బరికాయలున్నాయి. శనివారం 24 అమ్ముడుపోయాయి. ఆదివారం అంతకంటె 6 ‘కడిమె’. మిగిలినవెన్ని? ‘కడిమె’ కనబడగానే తీసివేతే అనుకొన్న పిల్లవాడు 60 నుండి 24నూ, 6నూ తీసివేసి 30 అంటాడు. తెరమీద ‘తప్పు’ అని రాగానే మరొక సంఖ్య నొక్కి చూస్తాడు. ఊహించి నొక్కడం అభ్యాసం కాదు. అప్పుడు పక్కనున్న పెద్దలు జవాబు చెప్పక, “ఆదివారం అమ్మినవెన్ని?” అని మాత్రమే అడగాలి. కాగితంపై పొడవైన పట్టీ గీసి 24, 18 భాగాలు గుర్తిస్తే, మిగిలిన 18 కంటికే కనబడుతుంది. ప్రశ్నను పిల్లవాడు తన మాటల్లో తెలుగులో చెప్పి, తరువాత మళ్లీ కన్నడంలో చదవడం మరీ మంచిది.

భాష దాటి గణితం రావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలాన మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటం నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ్.

సాఫ్ట్‌వేరు నిజంగా ఉపకరిస్తుందా? ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేరుపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ జరిపిన పరిశోధన 2019లో ప్రచురితమైంది. నాలుగున్నర నెలల్లోనే గణితంలో స్పష్టమైన మెరుగుదల కనబడింది. అక్కడి విద్యార్థులు తమ తరగతికి ఎంతో వెనుకబడి ఉన్నారు. సాఫ్ట్‌వేరు వారు నిజంగా ఉన్న స్థాయినుండే ప్రశ్నలిచ్చింది. అయితే రోజుకు 90 నిమిషాల్లో సగమే కంప్యూటరు ముందు గడిచేది, మిగిలిన సగం చిన్న బృందంలో బోధకుని వద్ద. ఈ రెండవ సగాన్ని ఇంట్లో చాలామంది మరచిపోతారు.

పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన సామగ్రి ఉచితంగా తెరుచుకుంటుంది. బెంగళూరుకు చెందిన అక్షర ఫౌండేషన్ వారి బిల్డింగ్ బ్లాక్స్ యాప్ కూడా ఉచితమే. 7వ తరగతి పిల్లవాడు భిన్నాల దగ్గర తడబడితే 4వ తరగతి లెక్కలతో మొదలుపెట్టించడంలో నామోషీ ఏమీ లేదు.