గార్నెట్ లేదని రాసే ముందు

చిరంజీవి అమ్మలుకి,

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు పంపిన లెక్కల కాగితం రెండూ చదివాను. గోదావరి లోయ ఇసుకరాయి నుంచి భార ఖనిజాలు విడదీయడం నీకిదే మొదటిసారి అయినా స్లైడులు శుభ్రంగా వచ్చాయి. ఫొటోలు చూస్తేనే తెలుస్తోంది. జిర్కాన్, టూర్మలిన్, రూటైల్ గుర్తుపట్టడంలో ఎక్కడా తడబడలేదు. నా బెంగంతా కాగితం చివర నువ్వు రాసిన ముక్క గురించే. లోతు నమూనాల్లో గార్నెట్ దాదాపు లేదు కాబట్టి ఈ ఇసుక పుట్టినచోట ఖోండలైట్ లాంటి రాళ్లు లేవని తేల్చేశావు. ఆ మాటను థీసిస్‌లోకి ఇప్పుడే ఎక్కించకమ్మా.

నువ్వలా అనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మన తీరాన్ని చూస్తూ పెరిగినవాళ్లకు మొదట తోచేది అదే. భీమిలి ఒడ్డున ఇసుకలో ఎర్రటి, నల్లటి చారలు చూశావుగా. ఎరుపు గార్నెట్‌ది, నలుపు ఎక్కువగా ఇల్మెనైట్‌ది. తూర్పు కనుమల ఖోండలైట్ శిథిలమై గార్నెట్‌నూ సిల్లిమనైట్‌నూ వాగులకు అప్పగిస్తుంది. చేటలో బియ్యం చెరిగినట్టు అలలు తేలికపాటి క్వార్ట్జ్‌ను ఎగరగొట్టి, బరువైనవాటిని ఒడ్డున మిగులుస్తాయి. అదే గోదావరి నోటి దగ్గరకు వెళ్లి చిటికెడు ఇసుక తీసి చూడు. ఆగైట్, మాగ్నటైట్ పలకరిస్తాయి. దక్కను బసాల్టు మీదుగా అంతదూరం పారి వచ్చిన నది కదా. ఆ తీరం, ఈ తీరం ఒకే సముద్రానివే అయినా దేని పుట్టిల్లు దానిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1941లో భూగర్భశాస్త్ర శాఖను నెలకొల్పిన సి. మహదేవన్ గారు ఈ విశాఖ తీరపు నల్ల ఇసుకను ఆ దశాబ్దంలోనే పట్టించుకున్నారు. నువ్వు చేస్తున్నది ఆ వరసలో పని. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

కానీ తీరంలో ఉన్నది నిన్న మొన్నటి ఇసుక. నీ చేతిలో ఉన్నది 25 కోట్ల ఏళ్లకు పైబడిన గోండ్వానా ఇసుకరాయి. కొండకూ నీ స్లైడుకూ మధ్య ఎన్నో జరిగాయి. వాటిలో ప్రతి ఒక్కటీ కొన్ని ఖనిజాలను తీసేసి ఉంటుంది.

మొదటిది ఎండావానా. వేడి, తేమ, ఆమ్లం ఉన్న మట్టిలో పైరాక్సీన్లు ముందే కరిగిపోతాయి, అపటైట్ కూడా నిలవదు. రెండోది నీటి పారుదల. క్వార్ట్జ్ సాంద్రత 2.65, జిర్కాన్‌ది దాదాపు 4.6. ఒకే వడిలో ఈ రెండూ కలిసి అడుగుకు చేరాలంటే జిర్కాన్ రేణువు క్వార్ట్జ్ కంటే చిన్నదై ఉండాలి. రూబీ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1933లోనే దీన్ని లెక్కకట్టి చూపించాడు. కాబట్టి సన్న ఇసుకలో జిర్కాన్ పెరిగిందంటే మూలం మారినట్టు కాదు, రేణువు సైజు మారిందంతే. నీ కాగితంలో మూడు నమూనాలు 63–125 మైక్రాన్ల జల్లెడవి, రెండు 125–250వి. వాటిని ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకూడదు. అన్నిటికీ ఒకే సైజు తీసుకుని మళ్లీ లెక్కించు.

మూడోది అసలైనది. పూడుకుపోయిన తర్వాత రాతి లోపల జరిగే కరుగుదల. దీన్ని ఉత్తర సముద్రం చమురు బావుల్లో ఆండ్రూ మోర్టన్ చాలా ఓపికగా తవ్వి చూపించాడు. అక్కడి పేలియోసీన్ ఇసుకరాళ్లు తక్కువ లోతులో ఉన్నచోట ఆంఫిబోల్, ఎపిడోట్, కయనైట్, స్టారోలైట్, గార్నెట్ అన్నీ ఉన్నాయి. అవే ఇసుకరాళ్లలో లోతు పెరిగేకొద్దీ ముందు ఆంఫిబోల్ మాయమైంది, తర్వాత ఎపిడోట్, ఆ తర్వాత కయనైట్, స్టారోలైట్. ఇంకా కిందికి పోతే గార్నెట్ కూడా కరిగిపోయింది. చివరికి మిగిలినవి జిర్కాన్, టూర్మలిన్, రూటైల్, అపటైట్ లాంటి గట్టిపిండాలే. ఇసుక ఇచ్చిన కొండలు మారలేదు, లోతూ వేడీ మారాయి. నీ కాగితంలోనూ పై నమూనాల్లో గార్నెట్ ఉంది, కింద లేదు. నువ్వు దాన్ని మూలం మారడంగా చదివావు. నాకు మాత్రం ముందు కరుగుదల మీదే అనుమానం.

అనుమానం తీర్చుకునే దారి నీ ల్యాబులోనే ఉంది. మిగిలిన ఆ నాలుగైదు గార్నెట్ రేణువులను పెద్దగా చేసి చూడు. అంచులు నునుపుగా అరిగి ఉంటే అది ప్రయాణం వల్ల. ఉపరితలం మీద చిన్న చిన్న మెట్లలా, నగిషీ చెక్కినట్టు పలకలు తేలి ఉంటే అది రాతిలోపలి ద్రవాల పని. రెండో పరీక్ష నాకు మరీ ఇష్టం. డ్రిల్ కోర్‌లో కాల్సైట్ సిమెంటుతో తొలినాళ్లలోనే బిగుసుకుపోయిన గట్టి గడ్డలు దొరుకుతాయేమో వెతుకు. రంధ్రాలు ముందే మూసుకుపోవడం వల్ల ద్రవాలు చొరబడలేక, అలాంటి గడ్డల్లో పాత ఖనిజాలు కాపాడబడతాయి. గడ్డలో గార్నెట్ ఉండి, దాన్ని ఆనుకుని ఉన్న ఇసుకరాయిలో లేకపోతే ఇక వాదనే అక్కర్లేదు. కాల్సైట్ కరిగించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ మాత్రం వాడకు, అపటైట్‌ను కూడా తినేస్తుంది. పలచని ఎసిటిక్ యాసిడ్‌తో నిదానంగా కానివ్వు.

ఇంకో సంగతి. నేటి గోదావరి ఆగ్నేయంగా పారుతోంది కదా అని ఇసుక మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిందనుకోకు. పెర్మియన్ కాలపు నదులు ఈ లోయలో దాదాపు ఎదురు దిక్కున, వాయవ్యానికి పారాయి. ఇసుకరాయిలోని వాలు పొరలు ఆ మాట చెబుతున్నాయి. అంటే ఆగ్నేయాన ఉన్న తూర్పు కనుమల వైపు నుంచీ, అప్పట్లో మన తూర్పు తీరానికి ఆనుకుని ఉన్న అంటార్కిటికా వైపు నుంచీ ఇసుక వచ్చి ఉండే అవకాశాన్ని వదలకూడదు. ఖోండలైట్ లేదనే ముందు ఈ దిక్కు సంగతి తేల్చుకోవాలి.

జిర్కాన్, టూర్మలిన్, రూటైల్ వాటా లెక్కించే హ్యూబర్ట్ సూచీ (1962) నీ నమూనాల్లో బాగా ఎక్కువ వచ్చింది. బాగుంది. కానీ అది కరుగుదల వల్ల పెరగొచ్చు, లేదా లోయకు ఇరువైపులా ఉన్న పాఖాల్ క్వార్ట్జైట్ల లాంటి పాత ఇసుకరాళ్లు మళ్లీ అరిగి రావడం వల్లా పెరగొచ్చు. గుండ్రటి జిర్కాన్లు వేరుగా, కొనలు చెక్కుచెదరనివి వేరుగా లెక్కపెట్టు. పక్కనే అపటైట్–టూర్మలిన్, రూటైల్–జిర్కాన్ జంటల నిష్పత్తులు కూడా రాయి. మోర్టన్, హాల్స్‌వర్త్ 1994లో ఇచ్చిన పద్ధతి అది. జంటలోని రెండూ దాదాపు ఒకే తీరుగా నీటిలో దిగుతాయి, పూడికనూ తట్టుకుంటాయి కాబట్టి వాటిని నమ్మొచ్చు. నిధులు దొరికితే పై నమూనాల గార్నెట్లను మైక్రోప్రోబ్‌కు పంపించమని మీ గైడ్ గారిని అడుగు. ఎన్ని ఉన్నాయన్నదానికంటే వాటిలో మెగ్నీషియం, ఇనుము, కాల్షియం పాళ్లు ఎంత అన్నదే పుట్టిల్లు చెబుతుంది.

మూలశిల కళ్లెదుట లేకపోయినా రేణువు ఎంత చెప్పగలదో తెలియాలంటే పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ గురించి చదువు. అక్కడ సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి గులకరాతి పొరలో 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ దొరికింది, 2001లో ప్రకటించారు. దాన్ని కన్న రాయి ఇవాళ భూమ్మీద ఎక్కడా కనిపించదు. ఆ పని గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నీ ఆరోగ్యం మాట. భార ఖనిజాలు విడదీయడానికి వాడే బ్రోమోఫాం వాసన తియ్యగా ఉంటుంది, కానీ కాలేయానికి చెరుపు. ఫ్యూమ్ హుడ్ పనిచేయని రోజు ఆ సీసా మూత తియ్యకు, పని ఎంత తొందరగా ఉన్నా సరే. దాని బదులు సోడియం పాలీటంగ్‌స్టేట్ తెప్పించమని శాఖలో అడుగు. ఖరీదైనదే, కానీ నీళ్లతో కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కుళాయి నీళ్లు మాత్రం పోయకు. వాటిలోని కాల్షియంతో కలిసి తెల్లగా విరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి.

ప్రస్తుతానికి ఆ ముక్క తీసేసి, లోతు నమూనాల్లో గార్నెట్ తక్కువగా ఉందనీ కారణం మూలమో కరుగుదలో ఇంకా తేలాలనీ రాయి. గార్నెట్ ఉపరితలాల ఫొటోలు తియ్యగానే నాకు పంపు. ఒక్కో స్లైడులో ఎన్ని రేణువులు లెక్కపెట్టావో కూడా రాయి, మూడు వందలకు తగ్గితే శాతాలు వేయొద్దు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమామయ్య