నడుము కొలత

వడ్డాణము బిగువైనచో కంసాలిచేత గొలుసు పెంచింతురే గాని కారణ మడుగువారు తక్కువ. లావగుట కలిమికి గుర్తని మురియువారును కలరు! అంగడిలో గుడ్డ కొలుచు టేపును కడపటి పక్కటెముకకును తుంటి ఎముకకును నడుమ చుట్టి, ఊపిరి వదలి చూడవలెను. భారతస్త్రీకి 80 సెంటీమీటర్లు మించరాదు. ముట్లుడిగిన పిదప కొవ్వు తుంటిని విడిచి పొట్టకు చేరును. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు దానిని వెన్నంటును. చేతులు సన్నగా నున్నను పొట్ట పెరిగినచో జాగ్రత్త పడవలసినదే. ఉపవాసములు చేయు ఇండ్లలో చిక్కంతయు పారణనాటి నేతిమిఠాయిలది. పస్తులుండి త్వరపడి తగ్గినచో కండయు క్షీణించును. పప్పు, పెరుగు మానక, నెయ్యి, చక్కెర, మైదా తగ్గించుటయు, పొద్దుండగనే భోజనమైన పిదప అరగంట నడచుటయు మేలు. 80 కిలోల స్త్రీ 4 కిలోలు తగ్గినను రక్తపుపోటు, నెత్తుటిలోని చక్కెర కొంత దిగుట కద్దు.