మోగకూడని పెట్టె

బొబ్బిలి వీణను మీలో చాలామంది చూసే ఉంటారు. పనస చెక్కతో తొలిచిన వీణ కుండ తీగతోపాటు తానూ కంపిస్తుంది. అందుకే సన్నని తీగ చేసే నాదం మనకు చక్కగా వినిపిస్తుంది. స్పీకరు పెట్టె కూడా చెక్కతో చేసినదే. కాని దాని ధర్మం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది మోగకూడదు! మరి మోగని పెట్టె ఎందుకు? చూద్దాం.

పెట్టె చేసే పని

ఒక ప్రయోగం చేయండి. మీ మాస్టారి సాయంతో ఒక విడి స్పీకరును బ్యాటరీ రేడియోకు తగిలించి వినండి. పాట పలచగా, కీచుగా ఉంటుంది. మృదంగం దాదాపు వినపడదు. ఇప్పుడొక పెద్ద అట్టకు గుండ్రని రంధ్రం చేసి, స్పీకరును దాని వెనుక ఆనించి పట్టుకోండి. మృదంగం స్పష్టంగా వినిపిస్తుంది!

కారణమేమిటి? స్పీకరులోని కాగితపు శంకువు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిలో సంపీడనం, అదే క్షణంలో వెనుక విరళీకరణం ఏర్పడతాయి. ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుంటే ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. ఇది ఒక రకమైన వ్యతికరణం.

ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 100 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 340 ÷ 100 = 3.4 మీటర్లు. 20 సెంటీమీటర్ల స్పీకరును చుట్టి రావడం ఆ తరంగానికి ఒక లెక్క కాదు. అందుకే మంద్రస్వరాలు ముందుగా పోతాయి. 5000 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 6.8 సెంటీమీటర్లే. అది స్పీకరు కంటె చిన్నది కనుక ఎక్కువ భాగం ముందుకే సాగిపోతుంది.

అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇంజనీర్లు 1925లో ఈ తరహా స్పీకరును వివరించినప్పుడే, ముందు వెనుకలను వేరుచేసే అడ్డుపలకను వాడారు. ఆ పలకను నాలుగువైపులా వెనక్కు మడిచి మూసేస్తే వచ్చేదే పెట్టె. 1954లో ఎడ్గార్ విల్చర్ ఇంకొక అడుగు ముందుకువేసి, మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. దీన్నిబట్టి మూసిన పెట్టెకు సన్నని సందు కూడా శత్రువేనని తెలుస్తున్నది గదా.

రంధ్రం కోయడం

కొన్నేళ్ళ క్రితం మా తొమ్మిదో తరగతి విద్యార్థులిద్దరు సైన్సు ప్రదర్శన కోసం పెట్టె కట్టారు. కూడబెట్టుకున్న డబ్బుతో కోఠీ గుజరాతీ గల్లీలో 8 అంగుళాల స్పీకరు, సికింద్రాబాదు రాణిగంజ్‌లో మరలు కొన్నారు. 4 అంగుళాల వ్యాసార్ధంతో వృత్తం గీసి కోసేశారు. స్పీకరు చేతిలోంచి జారి పెట్టె లోపల పడింది!

"మాస్టారూ, పలక పాడైపోయింది. ప్రదర్శన ఎల్లుండే" అన్నారు దిగులుగా.

"మీరు కొలిచింది దేన్నిరా?" అని అడిగాను.

8 అంగుళాలన్నది చట్రం బయటి కొలత. రంధ్రం మాత్రం చట్రం అంచుకు లోపల, గిన్నె పట్టేంత ఉండాలి. అప్పుడే అంచు పలక మీద ఆని, మరలు దిగడానికి చెక్క మిగులుతుంది. గిన్నె వ్యాసం 182 మి.మీ. ఉన్నదనుకోండి. చుట్టూ ఒక మిల్లీమీటరు వదులు చేర్చి, 184 వ్యాసం, అంటే 92 మి.మీ. వ్యాసార్ధం తీసుకోవాలి. స్పీకరు స్పీకరుకూ ఈ కొలత మారుతుంది. మీ స్పీకరును మీరే కొలవండి. ముందు అట్టలో కోసి, స్పీకరును పెట్టి చూడండి. అట్ట పోతే పోయింది, పలక పోకూడదు.

ఒక సన్నబద్దకు రెండు మేకులు కొడితే పెద్ద కంపాసు తయారవుతుంది. గీతకు లోపలివైపు బరమాతో రంధ్రం చేసి, సన్నరంపం దూర్చి, గీతకు లోపలే కోయండి. మిగిలినది ఆకురాయితో సరిచేయవచ్చు. కరెంటు రంపమైతే పెద్దవారే నడపాలి. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

మావాళ్ళ పలక వృథా కాలేదు. సరైన రంధ్రమున్న ప్లైవుడ్ కంకణం కోసి వెనుకవైపు జిగురుతో అతికించాం. స్పీకరు దానిమీద కుదురుగా కూర్చున్నది.

వెనీరు అతకడం

వెనీరంటే సుమారు అర మిల్లీమీటరు మందం గల చెక్క పొర. టేకు వెనీరు అతికితే మామూలు ప్లైవుడ్ టేకు పెట్టెలా కనిపిస్తుంది. దానివల్ల ధ్వని మెరుగుపడదు. కాని సరిగా అతకకపోతే చెడుతుంది!

వర్షాకాలంలో తలుపులు బిగుసుకోవడం చూశారు గదా. చెక్క తేమను పీల్చి పోగులకు అడ్డంగా ఉబ్బుతుంది. పొడవునా దాదాపు మారదు. ప్లైవుడ్‌లో పొరలను ఒకదానికొకటి అడ్డంగా పేరుస్తారు కాబట్టి అది నిలకడగా ఉంటుంది. అయితే ఒకవైపే వెనీరు అతికితే, జిగురు తడికి ఉబ్బిన పొర ఆరుతూ ముడుచుకొని పలకను వంచుతుంది. పలక వంగితే కీలు విడుతుంది, గాలి కారుతుంది, మృదంగం మళ్ళీ పోతుంది. అందుకే పెట్టె బిగించకముందే పలకకు రెండువైపులా వెనీరు అతకడం మంచిది.

తెల్లజిగురును పలకకూ వెనీరుకూ పలచగా రాసి, ఆరనిచ్చి, పొర మీద కాగితం పరచి ఓ మోస్తరు వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. ఈ జిగురు వేడికి మెత్తబడి, చల్లారగానే గట్టిపడుతుంది. రంధ్రాన్ని ముందే కోసి సరిచూసుకుంటే, కొలత తప్పినా ఖరీదైన వెనీరు పాడు కాదు. రంధ్రం మీది పొరను ఆఖరున పదునైన కత్తితో కొద్దికొద్దిగా కోయండి. ముందుగా అంచు మీద కాగితపు టేపు అంటిస్తే పొర చీలదు.

పరీక్ష

చట్రం కింద పాత సైకిలు ట్యూబు కంకణం వేసి మరలు బిగించండి. మృదంగం పాట పెట్టి, వెలిగించిన అగరువత్తిని కీళ్ళవెంట జరపండి. కాగితపు శంకువుకు మాత్రం దూరంగా ఉంచండి. పొగ వణికిన చోట సందు ఉన్నట్టే. తర్వాత పెట్టెను వేలితో తట్టండి. 'టక్'మని ఆగితే మంచిది. 'ధమ్'మని సాగితే లోపల అడ్డబద్ద వేయాలి.

ఆలోచించండి

1. 50 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యమెంత?
2. ప్లైవుడ్‌లో పొరలు సాధారణంగా బేసి సంఖ్యలోనే ఎందుకుంటాయి?