మన వీధిలో అత్యవసర వైద్య కేంద్రం: ప్లానులో చూడవలసిన విషయాలు

న్యూజెర్సీలో స్థిరపడిన మన కుటుంబాలలో చాలమందికి ఇది అనుభవమే. ఎవరో న్యాయవాది పేరుతో సర్టిఫైడ్ తపాలాలో ఒక నోటీసు వస్తుంది. బ్లాకు సంఖ్య, లాటు సంఖ్య, వేరియెన్స్ అన్న మాట కనబడగానే మనకు సంబంధించినది కాదనుకొని ప్రక్కన పెడతాము. నేనూ అదే చేయబోయాను. మా పెరటి వెనుకనున్న ఖాళీ స్థలంలో, ఒక ఆసుపత్రికి అనుబంధంగా అత్యవసర వైద్య కేంద్రం కట్టదలచినట్లు అందులో ఉన్నదని మా శ్రీమతి చదివి చెప్పినందువల్ల ఆగాను.

ఊరిని నివాస, వ్యాపార, పారిశ్రామిక మండలాలుగా విభజించే అధికారం స్థానిక సంస్థలకు ఉన్నదని అమెరికా సుప్రీంకోర్టు 1926లో యూక్లిడ్ గ్రామం కేసులో తీర్పు చెప్పింది. న్యూజెర్సీలో ఇప్పటి విధానానికి ఆధారం 1975 నాటి మునిసిపల్ భూవినియోగ చట్టం. దాని ప్రకారం 200 అడుగుల లోపు ఆస్తి గలవారికి విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందాలి. నివాస మండలంలో వేరొక వినియోగానికి మినహాయింపు కావాలంటే జోనింగ్ బోర్డులోని ఏడుగురిలో అయిదుగురు ఒప్పుకోవాలి. అయితే ఆసుపత్రి, పాఠశాల వంటివి స్వభావతః ప్రజాహితమైనవని ఆ చట్టమే అంటుంది. 1992లో వాల్ టౌన్‌షిప్‌లోని ఒక పునరావాస కేంద్రం విషయమై రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక తూకం నిర్దేశించింది: సమాజానికి మేలెంత, ఇరుగుపొరుగుకు బాధెంత, ఆ బాధను తగిన షరతులతో తగ్గించవచ్చునా? కనుక ఇటువంటి విచారణలలో "వద్దు" అనే మాటకంటె "ఇట్లా కట్టండి" అనే మాటకే బలమెక్కువ అని నా అభిప్రాయం.

విచారణలో ఇంజనీరు, ట్రాఫిక్ నిపుణుడు ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చారు. ఎవరైనా లేచి వారిని ప్రశ్నించవచ్చును. మా వీధివారి ప్రశ్నలన్నీ సైరను గురించే, అది సహజమే. నా దృష్టి మాత్రం ప్లానులో ఒక మూలనున్న చిన్న వృత్తం మీద పడింది. అది ద్రవ ఆక్సిజన్ ట్యాంకు.

ఆక్సిజన్ −183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ద్రవమవుతుంది. ఒక లీటరు ద్రవం గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి సుమారు 860 లీటర్ల వాయువవుతుంది. అందుకే వందల సిలిండర్లు చేసే పనిని ఒక్క ట్యాంకు చేస్తుంది. ఆక్సిజన్ తనంతట తాను మండదు, మండేదానిని విజృంభింపజేస్తుంది. ఇక తారు సంగతి. పెట్రోలియం శుద్ధిలో అడుగున మిగిలే హైడ్రోకార్బన్ల సముదాయమది, అంటే ఇంధనమే. మామూలు గాలిలో దానివల్ల భయం లేదు. కాని ట్యాంకరు గొట్టం విప్పేటపుడు ఒలికిన ద్రవ ఆక్సిజన్ తారు రోడ్డు సందులలోనికి ఇంకితే, ఇంధనమూ దానిని మండించే పదార్థమూ ఒకేచోట చిక్కగా చేరినట్లవుతుంది. అపుడు సుత్తి జారిపడినా, బూటుకాలు మోపినా ప్రేలవచ్చు. బొగ్గుపొడిని ద్రవ ఆక్సిజన్‌లో నానబెట్టి గనులలో ప్రేలుడు పదార్థంగా వాడిన కాలమొకటి ఉన్నది; ఇది దానికి దగ్గర చుట్టమే. అందుచేతనే అగ్నిభద్రతా ప్రమాణాలు ట్యాంకు క్రిందనే కాక, ట్యాంకరు నిలిచి నింపే చోట కూడ కాంక్రీటు వంటి మండని నేల ఉండాలంటాయి.

మా ప్లానులో ట్యాంకు కాంక్రీటు మీదనే ఉన్నది. ట్యాంకరు నిలిచే చోటు మాత్రం మిగిలిన ఆవరణవలె తారు. లేచి అడిగాను. (నా ఉచ్చారణ అంతుపట్టక స్టెనోగ్రాఫరు రెండుమార్లు ఆపింది, అది వేరే కథ.) ఇంజనీరు కాగితాలు తిరగేసి, ఆ భాగాన్ని కాంక్రీటుగా మారుస్తామన్నాడు. అధ్యక్షురాలు దానిని షరతుగా వ్రాయించారు.

ఆ ట్యాంకరు లోనికి వచ్చి, వెనుకకు తిరిగి, బయటపడే దారి కూడ చూడాలి. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు రాక ఆలస్యమై, గొట్టాలలో పీడనం తగ్గి, 11 మంది మరణించినట్లు అధికారులు ప్రకటించారు. అది రవాణాలో జాప్యమే కాని ప్లానులో లోపం కాదు. అయినా, వచ్చిన ట్యాంకరు అంబులెన్సుల నడుమ చిక్కుకొని కదలలేకపోయినా రోగికి జరిగేది ఒక్కటే. మా ప్లానులో అంబులెన్సుల దారీ ట్యాంకరు దారీ ఒకటే. రెండవ విచారణ నాటికి వాటిని విడదీశారు.

మా స్థలం వెనుక వాగు ఉన్నది కనుక విద్యుత్తు గురించి కూడ అడగవలసివచ్చింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినపుడు న్యూయార్కు బెల్వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. వాటికి ఇంధనమందించే పంపులు మాత్రం నేలమాళిగలో మునిగిపోయాయి. మనుషులు మెట్లమీద ఇంధనం పైకి మోశారు. తుదకు రోగులనందరినీ తరలించవలసివచ్చింది. మా ప్లానులో కూడ జనరేటరు ఎత్తయిన దిమ్మె మీదనే ఉన్నది. పంపు ఎత్తు ఎక్కడా వ్రాయలేదు. దానిని వరదమట్టానికి పైన పెట్టాలన్నది మరొక షరతు అయింది.

మూడవ విచారణలో అనుమతి లభించింది. ఆపడానికి వెళ్ళి బాగుచేసి వచ్చాడని మా వీధిలో కొందరికి నామీద ఇప్పటికీ కోపమే.

ఇటువంటి నోటీసు మీకు వస్తే, ప్లానులు విచారణకు 10 రోజుల ముందే టౌన్‌షిప్ కార్యాలయంలో చూడవచ్చును. రంగులు వేసిన భవన చిత్రం చూసి ఊరుకోకండి. యుటిలిటీ షీటు, గ్రేడింగ్ షీటు, వాహనాల మలుపులు చూపే షీటు అడగండి.